దేశకాలములు – వ్రతనిష్ఠ

ప్రాతఃకాలమున స్నానము చేసి, ఆచమనము కావించి, సంకల్పము చెప్పుకొను గృహస్థుడు అనుదినము ఒక విశేషమును పలుకుచునే యున్నాడు గాని, దానిని గమనించుట అరుదు. సంకల్పము శ్వేతవరాహ కల్పముతో, వైవస్వత మన్వంతరముతో, కలియుగముతో మొదలగును. అవి లోకమునకెల్ల సమానములైన మహాకాలములు. పిమ్మట అది ఒక్కసారిగా కాలమును విడిచి దేశమునకు దిగును. ఏ ద్వీపము, ఏ వర్షము, ఏ ఖండము, మేరువునకు ఏ దిక్కు, శ్రీశైలమునకు ఏ దిక్కు అని చెప్పించును. ఆ చోటు చెప్పిన తరువాతనే సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము వచ్చును. మహాకాలమునకును నేటి తిథికిని నడుమ దేశమును నిలిపిన పెద్దలు ఊరక నిలుపలేదు. తాను నిలిచిన చోటు ఏదో చెప్పనివాడు, నేడు ఏ తిథిని పాటింపవలెనో చెప్పజాలడు.

పూర్వము ఈ విచారము పంచాంగకర్తలకు మాత్రమే పట్టినది. నేడు అట్లు కాదు. తెలుగునాట ఏ వైష్ణవ గృహమును చూచినను కుమారుడు అమెరికాలోనో, కుమార్తె ఆస్ట్రేలియాలోనో ఉండుట సర్వసాధారణమైనది. ఏకాదశి ఎన్నడు? తండ్రిగారి తిథి ఎన్నడు? ఇచ్చటి పంచాంగమును అచ్చటికి పంపిన చాలునా? పైకి ఇది గడియారమునకు సంబంధించిన ప్రశ్నవలె కనిపించును. లోన విచారించినచో ధర్మసంబంధమైనది. భక్తుడు ఎవరి సూర్యోదయమునకు బద్ధుడు? పుట్టిన చోటి సూర్యోదయమునకా, నిలిచిన చోటి సూర్యోదయమునకా?

భూమి తన ఇరుసుపై తిరుగుటవలన అహోరాత్రములు కలుగుచున్నవి. వృత్తమునకు 360 అంశలు, అనగా డిగ్రీలు. అహోరాత్రమునకు 60 ఘడియలు. కావున 6 డిగ్రీలకు ఒక ఘడియ అగును. గంటల లెక్కలో 15 డిగ్రీలకు ఒక గంట, ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు. తూర్పుననున్నవారికి మధ్యాహ్నము ముందు, పడమటనున్నవారికి పిదప. పూరీ క్షేత్రమునకును ద్వారకకును నడుమ రేఖాంశములో దాదాపు 17 డిగ్రీల అంతరమున్నది. జగన్నాథుని పట్టణమున సూర్యుడు నడినెత్తికి వచ్చిన 67 నిమిషములకు గాని ద్వారకాధీశుని పట్టణమున మధ్యాహ్నము కాదు. రెండును ఒకే దేశమున ఉన్నవి, రెండు చోట్లను గడియారము ఒకే అంకెను చూపుచున్నది. అయినను రెండు ఆలయములపై సూర్యుడు ఒకే వేళకు నిలువడు.

ఈ సంగతి మన సిద్ధాంతకర్తలకు బాగుగా తెలియును. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు భూమధ్యరేఖపై 90 డిగ్రీల దూరమున నాలుగు పట్టణములను భావించినాడు. లంకలో సూర్యోదయమగు వేళకు యమకోటిలో మధ్యాహ్నము, సిద్ధపురమున సూర్యాస్తమయము, రోమకమున అర్ధరాత్రము. (ఈ లంక రామాయణములోని లంకయేనా యను చర్చ ఇచ్చట అప్రస్తుతము. జ్యోతిషమున అది ఉజ్జయిని రేఖ భూమధ్యరేఖను తాకు బిందువు.) ఆ రేఖనుండి తూర్పునకును పడమటికిని ఉన్న ఊళ్లకు లెక్కను సవరించుటయే దేశాంతర సంస్కారము. ప్రతి పంచాంగకర్తయు నేటికిని దానిని చేయుచున్నాడు. దీనిని చూపి, నేటి ప్రపంచపు గడియారములన్నియు మనవద్ద నేర్చినవేయని గర్వించుట తగదు. మనవారికి కావలసినది గ్రహణమును, తిథిని ఊరూరికి సరిగా గణించుట. నేటి గడియారపు ఏర్పాటు మరియొక అవసరమున పుట్టినది.

ఆ అవసరము రైలుబండి. పందొమ్మిదవ శతాబ్దమున ప్రతి నగరము తన సూర్యునిబట్టి తన గడియారమును దిద్దుకొనెడిది. ఎద్దుబండిపై పోవువానికి పొరుగూరి గడియారము నాలుగు నిమిషములు వేరైనను బాధలేదు. ఒకే పట్టాలపై ఎదురెదురుగా రెండు రైళ్లు నడచునపుడు ఆ నాలుగు నిమిషములే ప్రాణాపాయము. అమెరికాలో 1869 నుండియే పిట్స్‌బర్గు చెంతనున్న ఎలిఘెనీ నక్షత్రశాల తాను గణించిన సమయమును తంతిద్వారా పెన్సిల్వేనియా రైలు కంపెనీకి అందించి రుసుము పుచ్చుకొనెడిది. శామ్యూల్ లాంగ్లీ యను శాస్త్రజ్ఞుడు ఆ ఏర్పాటు చేసినాడు. 1883 నవంబరు 18న అమెరికా రైలు కంపెనీలు కూడి దేశమును కొన్ని మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలమునకు ఒకే సమయమను నియమము పెట్టుకొనినవి. మరుసటి యేడు, 1884 అక్టోబరులో, వాషింగ్టను నగరమున 25 దేశముల ప్రతినిధులు సమావేశమై ఇంగ్లండులోని గ్రీనిచ్ రేఖను లెక్కకు మొదలుగా అంగీకరించిరి. ఫ్రాన్సు, బ్రెజిలు దేశములు ఓటు వేయక ఊరకుండినవి. ఒక దేశము కాదనినది. నిజమునకు భూమిపై మొదలనదగిన రేఖ లేదు. ఉజ్జయినిని మొదలనుటయు, గ్రీనిచ్‌ను మొదలనుటయు మానవులు చేసికొనిన ఒడంబడికలే.

మన దేశపు కథయు ఇట్టిదే. మద్రాసు నక్షత్రశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు సమయము గ్రీనిచ్‌కంటె 5 గంటల 21 నిమిషముల 14 సెకన్లు ముందున్నదని నిర్ణయించెను. రైళ్లు చాలకాలము ఆ మద్రాసు సమయమునే అనుసరించినవి. 1906 జనవరి 1 నుండి గ్రీనిచ్‌కు 5½ గంటలు ముందుండునట్లు దేశమంతటికి ఒకే ప్రామాణిక సమయము వచ్చినది. అందరును వెంటనే ఒప్పుకొనలేదు. కలకత్తా 1948 వరకు తన సమయమును విడువలేదు. బొంబాయిలో పాత సమయము అటు తరువాతను కొన్నాళ్లు నిలిచెను. తమ సూర్యుని తమకు కాకుండ చేసిరని ఆ నగరవాసులు కోపించిరనిన ఆశ్చర్యము లేదు.

ప్రామాణిక సమయమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన తూర్పుతీరమున అన్నవరము, తుని ప్రాంతములకు సమీపముగా సాగును. సత్యదేవుని కొండపై గడియారపు పన్నెండునకును సూర్యుని మధ్యాహ్నమునకును సగటున చాల స్వల్పమైన అంతరమే ఉండును. సింహాచలమున సూర్యుడు సుమారు 3 నిమిషములు ముందు, భద్రాచలమున 6 నిమిషములకు పైగా వెనుక. తిరుమలలో సగటున 12 గంటలు దాటి 12 నిమిషములైన పిదప గాని సూర్యుడు మధ్యాహ్నమునకు రాడు. ముక్తినాథ యాత్రకు పోవు వైష్ణవులకు ఈ విషయము మరింత అనుభవమునకు వచ్చును. దివ్యదేశములలో సాలగ్రామ క్షేత్రముగా పేరొందిన ఆ స్థలము నేపాళమున ఉన్నది. నేపాళము 1986 నుండి గ్రీనిచ్‌కు 5 గంటల 45 నిమిషములు ముందు నడచుచున్నది. సరిహద్దు దాటగానే యాత్రికుడు గడియారమును పావుగంట ముందునకు త్రిప్పుకొనవలెను. గండకీనది మాత్రము ఆ రేఖను ఎరుగక రెండు దేశములలోను ప్రవహించుచునే యున్నది. చైనా దేశము 1949 నుండి తన విశాల భూభాగమునకంతకును ఒకే సమయమును నిర్ణయించినది. పశ్చిమ కొననున్న కాష్గర్ పట్టణమున గడియారము పన్నెండు కొట్టునప్పటికి సూర్యుడింకను మధ్యాహ్నమునకు సుమారు మూడు గంటల దూరమున ఉండును.

దీనినిబట్టి గడియారము అసత్యమనరాదు. అది వ్యవహారసత్యము. పదిమందియు ఒప్పుకొనిన మాట గనుకనే దానికి బలము. రైలు ఆరు గంటలకనినచో ఆరు గంటలకే స్టేషనునందుండవలెను. వాగ్దత్తమైన వేళకు పోక, తాను భగవంతుని కాలమును అనుసరించువాడనని చెప్పుకొనువాడు భక్తుడు కాడు, మాట తప్పినవాడు. కాని వ్యవహారసత్యమును తీసికొని వ్రతమునకు ప్రమాణము చేయరాదు. విశిష్టాద్వైత సంప్రదాయము కాలమును అచేతన తత్త్వములలో ఒకటిగా చెప్పినది. ప్రకృతి త్రిగుణాత్మకము, నిత్యవిభూతి శుద్ధసత్త్వము, కాలము సత్త్వశూన్యము. అది విభువు, నిత్యము. అఖండమైన ఆ కాలమున నిమేషము, ఘడియ, దినము అను ఖండములు వ్యవహారముకొరకు ఏర్పడినవి. గీతలో భగవానుడు కాలము తానేయని చెప్పుకొనినాడు. గ్రీనిచ్ సమయము తాననలేదు, ఉజ్జయిని సమయము తాననియు అనలేదు.

ఇక ఏకాదశి. తిథి చంద్రసూర్యుల నడుమనుండు దూరమునుబట్టి ఏర్పడును. ఆ దూరము 12 డిగ్రీలు పెరిగినపుడెల్ల ఒక తిథి గడచును. కావున ఏకాదశి ప్రవేశించు క్షణము లోకమునకంతకును ఒక్కటే. నెల్లూరునకొకటి, న్యూయార్కునకొకటి లేదు. వ్రతము మాత్రము సూర్యోదయమునుబట్టి నిర్ణయింపబడును. వైష్ణవులు మరియొక మెట్టు ముందునకు పోయి, సూర్యోదయమునకు నాలుగు ఘడియల ముందటి అరుణోదయవేళనే దశమి స్పర్శ లేకుండవలెనందురు. అనగా సూర్యోదయమునకు 96 నిమిషముల ముందు. తిథి ఆకాశమునకు చెందినది, సూర్యోదయము నేలకు చెందినది. రెండును కలిసినచోటనే వ్రతదినము కలుగును.

ఒక ఉదాహరణముగా శీతకాలమున ఒక ఏకాదశి భారతదేశపు గడియారమునుబట్టి మంగళవారము ఉదయము 10 గంటలకు ప్రవేశించి బుధవారము ఉదయము 9 గంటలకు ముగియుననుకొందము. తల్లి నెల్లూరున ఉన్నది. బుధవారము ఆరున్నరకు సూర్యోదయము. అరుణోదయమునాటికే ఏకాదశి ఉన్నది, దశమి ఎప్పుడో గడచినది. ఆమెకు బుధవారమే ఉపవాసము. కుమారుడు పిట్స్‌బర్గున ఉన్నాడు. అచ్చటి గడియారము శీతకాలమున మనకంటె 10½ గంటలు వెనుక. అదే ఏకాదశి అతనికి సోమవారము రాత్రి 11½ గంటలకు ప్రవేశించి మంగళవారము రాత్రి 10½ గంటలకు ముగియును. అతని మంగళవారపు సూర్యోదయము ఏడున్నర ప్రాంతమున. అరుణోదయమున ఏకాదశియే. కావున అతనికి మంగళవారము ఉపవాసము, బుధవారము ఉదయము ద్వాదశీ పారణ.

తల్లి పంచాంగమున బుధవారమని ఉన్నది గదాయని అతడు మంగళవారము భుజించి బుధవారము ఉపవసించినచో ఏమగును? ఏకాదశి ఉన్న పగలంతయు భుజించి, ఏకాదశి లేని ద్వాదశినాడు పారణను మానినవాడగును. తేదీని నిలుపుకొని తిథిని పోగొట్టుకొనినాడు. తల్లిని అనుసరించితిననుకొనినవాడు, తల్లి ఆచరించిన దానిని ఆచరింపనేలేదు. ప్రతి పక్షమునను ఇట్లే జరుగుననరాదు. ఏకాదశి ప్రవేశించు వేళనుబట్టి ఒకప్పుడు ఇరువురకును ఒకే తేదీ వచ్చును, ఒకప్పుడు వేరుపడును. అందుచేతనే అభ్యాసముచే ఒకరోజు వెనుకకు లెక్కించుకొనుటయు పొరపాటే. చోటుచోటునకు గణించి చూడవలసినదే.

ఆ బుధవారము కుమారుడు పారణ ముగించి, కార్యాలయమునకు పోవుటకు ముందు తల్లికి ఫోను చేసిననుకొందము. నెల్లూరున అప్పుడు దీపము పెట్టిన వేళ. “ఏమి నాయనా! నేడే గదా ఏకాదశి. నీవు పారణ చేసితినందువేమి?” అని ఆమె బాధపడును. ఆ బాధను తేలికగా తీసికొనరాదు. ఇంటిల్లిపాదియు ఒకేనాడు ఉపవసించి, మరునాడు ఒకే పంక్తిలో పారణ చేసిన సంసారమది. కొడుకు సముద్రములు దాటిపోయినను ఏకాదశినాడైన తనతోనున్నాడను ఊరట ఆమెకు ఉండెడిది. అదియు పోయెనా యని ఆమె దుఃఖము. అమెరికాలోని అనేక కుటుంబములు నేటికిని స్వదేశపు తేదీనే పాటించుటకు మూలము ఈ ప్రేమయే గాని అజ్ఞానము కాదు. అయినను ప్రేమవలన కలిగిన పొరపాటు పొరపాటు కాకపోదు.

ఆమెకు చెప్పదగిన సమాధానము శాస్త్రములలో వెదకనక్కరలేదు, సన్నిధిలోనే ఉన్నది. పిట్స్‌బర్గు చెంత పెన్‌హిల్స్‌లో 1970ల దశకమున తిరుమల తిరుపతి దేవస్థానముల సహకారముతో శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయము వెలసినది. అచ్చటి స్వామికి సుప్రభాతము ఏ వేళకు? అచ్చట తెల్లవారునపుడు. తిరుమలలో ఏకాంతసేవ జరుగుచున్నదని అచ్చట మేలుకొలుపు మానరు, తిరుమలలో మేలుకొలుపు జరుగుచున్నదని అచ్చట సాయంకాలమున స్వామిని నిద్రలేపరు. తిరుమలకును ఆ ఆలయమునకును సూర్యుని లెక్కలో 10 గంటల 36 నిమిషములకు పైగా అంతరమున్నది. గడియారము లెక్కలో అది శీతకాలమున 10½ గంటలు. వేసవిలో అమెరికావారు గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పుదురు గనుక 9½ గంటలు. గడియారము ఏటికి రెండుమార్లు మాట మార్చుచున్నది, సూర్యుడు మార్చుటలేదు.

పరమపదమున కాలమునకు ప్రభుత్వము లేదని పెద్దలు చెప్పుదురు. అచ్చటి నాథుడు కాలమునకు వశుడు కాడు. అట్టివాడు అర్చావతారమున స్నానమునకు, భోగమునకు, శయనమునకు అర్చకుని చేతిలో ఉండుటకు అంగీకరించినాడు. అర్చకునికి లోబడినవాడు అర్చకుని ఊరి సూర్యోదయమునకును లోబడినట్లే గదా! ఇది ఆయన పరత్వమునకు కొరత కాదు, సౌలభ్యమునకు పరాకాష్ఠ. భక్తుడున్న ఊరి తెల్లవారుజామును స్వామి తనదిగా చేసికొనినపుడు, ఆ భక్తుడు ఆ తెల్లవారుజామును పరాయిదని త్రోసిపుచ్చి, వేయి ఆమడల దూరమునందలి మరియొక తెల్లవారుజామును పట్టుకొని వ్రేలాడుట భక్తియగునా? తల్లియు ఈ కోణమున చూచినచో కొడుకు తనను విడిచిపోలేదనియు, ఇరువురును ఒకే తిథిని, ఒకే స్వామిని, తమతమ వాకిళ్లనుండి సేవించితిమనియు గ్రహింపగలదు.

శ్రాద్ధ విషయమునను విచారణ ఇట్లే సాగవలెను. తండ్రి నెల్లూరున సోమవారము రాత్రి 11 గంటలకు పరమపదించినాడనుకొందము. శీతకాలమైనచో పిట్స్‌బర్గున అప్పటికి సోమవారము మధ్యాహ్నము 12½. పెద్దకుమారుడు రాత్రియని, చిన్నకుమారుడు పగలని వ్రాసికొందురు. ఆ క్షణమునందలి తిథి మాత్రము ఇరువురకును ఒక్కటే. దానిలో వివాదము లేదు. ప్రత్యాబ్దికమునాడు ఆ తిథి అపరాహ్ణమున ఏ దినమున ఉన్నదో కర్త తానున్న చోట చూచుకొనవలెను. పగటిని అయిదు భాగములు చేసినచో నాలుగవది అపరాహ్ణము. ఆ భాగము కర్తయున్న ఊరి పగటిది గాని అన్నగారి ఊరిది కాదు. కావున అన్నదమ్ములు వేర్వేరు తేదీలలో పెట్టుట తటస్థింపవచ్చును. ఎవరును తండ్రి తిథిని తప్పినవారు కారు. తద్విరుద్ధమైన ఆచారము ఇంట స్థిరపడియున్నచో తమ ఆచార్యులను అడిగి మార్చుకొనుట మేలు. ఒకరినొకరు తప్పుపట్టుకొనుట మాత్రము పితరులకు ప్రీతికరము కానేరదు.

ప్రత్యక్ష ప్రసారములు వచ్చిన తరువాత మరియొక చిక్కు ఏర్పడినది. భారతదేశమున తెల్లవారుజామున 3 గంటలైనపుడు పిట్స్‌బర్గున శీతకాలమున ముందురోజు సాయంకాలము 4½ గంటలు. వైకుంఠ ఏకాదశినాడు తిరుమలలోని ఉత్సవమును ఆ సాయంకాలమే కన్నులపండువుగా చూచుట భాగ్యమే. చూచి ఆనందింపవలసినదే. అంతమాత్రమున తమ ఇంటి పెరుమాళ్లకు తమ ఊరి ఏకాదశినాటి ఉదయమున చేయవలసిన ఆరాధనము జరిగినట్లు కాదు. చూచుటకు దూరము అడ్డము కాదు. చేయుటకు మాత్రము చోటు కావలెను.

చేయుటకు చోటు ఎంత ముఖ్యమో వారముల విషయమునను తేటపడును. 1519లో స్పెయిను దేశమునుండి బయలుదేరిన మాగెల్లను నౌకలలో ఒక్కటి మాత్రమే పడమటి దిక్కుగనే లోకమును చుట్టి తిరిగివచ్చినది. 1522 జూలైలో అది కేప్‌వెర్ద్ దీవులకు చేరగా, నౌకలోని లెక్కప్రకారము బుధవారము, నేలపైనున్నవారికి గురువారము. దినచర్య వ్రాసిన పిగాఫెట్టా యను యాత్రికుడు ఒక్కనాడును తప్పక వ్రాసినవాడు. లోపము లెక్కలో లేదు. సూర్యునితోపాటు పడమటికి పోవువారికి లోకప్రదక్షిణము ముగియునప్పటికి ఒక సూర్యోదయము తక్కువగును. తూర్పునకు పోవువారికి ఒకటి ఎక్కువగును. ఆ ఒక్క దినమును సరిపెట్టుటకే పసిఫిక్ మహాసముద్రమున 180 డిగ్రీల ప్రాంతమున తేదీరేఖను ఏర్పరచినారు.

ఆ రేఖ సరళముగా సాగదు. దీవులను చీల్చకుండ వంకరలు తిరుగును. ఫిజీ దీవులలో 180 డిగ్రీల రేఖ నేలమీదుగనే పోవుచున్నను ఆ దేశమంతయు ఒకే తేదీని పాటించుచున్నది. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవునుండి ఓడలలో అచ్చటికి చేరిన కూలీలలో తెలుగువారును కలరు. వారి సంతతివారికి దినము మనకంటె ఆరున్నర గంటల ముందు మొదలగును. వారి పొరుగుననున్న సమోవా దేశము వ్యాపార సౌకర్యమునకై 2011లో రేఖకు ఆవలి ప్రక్కకు మారినది. డిసెంబరు 29 గురువారము రాత్రి నిద్రించినవారు డిసెంబరు 31 శనివారమునాడు మేలుకొనిరి. ఆ దేశ చరిత్రలో 2011 డిసెంబరు 30 శుక్రవారమను దినమే లేదు. శనివారమును విశ్రాంతిదినముగా పాటించు ఒక క్రైస్తవ శాఖవారు తమ నిజమైన ఏడవదినము ఏదియని తర్కించుకొని, సమోవాలో ఆదివారమునాడు ప్రార్థన చేయ నిశ్చయించుకొనిరి. పేరు మారినదని దినము మారునా యని వారి వాదము. అది మనవారికిని ఆలోచింపదగిన వాదమే. శుక్రవారము ప్రభుత్వపు ఉత్తరువుతో మాయమైనది గాని, చంద్రుడు ఆ రాత్రి ఒక్క తిథినైనను దాటి దూకలేదు.

చోటి సూర్యోదయమే ప్రమాణమనినచో, సూర్యోదయమే లేనిచోట ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలియున్నది. నార్వే దేశపు ఉత్తరమున ట్రోమ్సో పట్టణమున నవంబరు చివరనుండి జనవరి మధ్యవరకు సూర్యుడు క్షితిజముపైకి రాడు. వేసవిలో రెండు నెలలు అస్తమింపడు. అట్టిచోట గడియారమే సంధ్యకు ఊతకర్ర కావలసివచ్చును. వేళ తెలియరాకున్నను సంధ్యావందనము మానుటకు అది సాకు కాదు. ఆచార్యులు నిర్ణయించిన గడియారపు వేళనే ఉదయమనుకొని అర్ఘ్యమిచ్చువాని భక్తిని తక్కువచేయ వీలులేదు. వ్యవహారసత్యమునకును భగవత్సేవలో స్థానము కలదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

సామాన్య గృహస్థులకు ఇంత దూరపు చిక్కులు రావు. విదేశములలోని దేవాలయములలో పెక్కింటివారు తమతమ నగరములకు గణించిన పంచాంగములను ప్రతియేట వెలువరించుచున్నారు. స్వదేశమునుండి పిల్లలకు పంచాంగము పంపదలచిన తల్లిదండ్రులు ముందుగా దాని తొలిపుటలో ఏ నగరమునకు గణించినదో వ్రాసియుండు పంక్తిని చూచుకొనవలెను. హైదరాబాదు సూర్యోదయమునకు గణించిన పంచాంగమునందలి రాహుకాలమును, వర్జ్యమును యథాతథముగా పిట్స్‌బర్గున వాడువారు కలరు. రాహుకాలము పగటిలో ఎనిమిదవ వంతు. పిట్స్‌బర్గున జూను మాసమున పగలు 15 గంటలు, డిసెంబరు చివర 9 గంటలకు కొంచెము పైన. అందుచేత అచ్చట రాహుకాలము వేసవిలో రెండు గంటలకు కొంచెము తక్కువగా, శీతకాలమున గంటకు పది నిమిషములు ఎక్కువగా ఉండును గాని, మన క్యాలెండరులందు అచ్చొత్తిన గంటన్నర అచ్చట పై రెండు ఋతువులలో ఏనాటికిని సరిపోదు.